అమెరికాలో రెండు పక్షములు - ఒకే మొగ్గు

2024 నవంబరు ఎన్నికలలో శ్రీ డొనాల్డు ట్రంపుగారు అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యక్ష పదవికి రెండవమారు ఎన్నుకోబడిరి. పోలైన వోట్లలో వారికి నూటికి 50కి ఇంచుక తక్కువగాను, ప్రత్యర్థియగు శ్రీమతి కమలా హారిసుగారికి 48కి ఇంచుక ఎక్కువగాను వచ్చినవి. ఈ రెండు సంఖ్యల నడుమ నున్న యంతరము స్వల్పము. కాని ఆ స్వల్పాంతరమును ఆధారముగా గొని 2025 జనవరి మొదలు ఆ దేశమున జరిగిన మార్పులు స్వల్పములు కావు. విదేశీయుల రాకపై కఠిన నిబంధనలు, దిగుమతి సుంకములు, ప్రభుత్వోద్యోగుల తొలగింపులు, 2025 జూలై 4వ తేదీన శాసనమైన పన్నుల బిల్లు - ఇవన్నియు ఒక వ్యక్తి చిత్తవృత్తినుండి పుట్టినవని పలువురు వ్రాయుచున్నారు. మే మట్లు తలంపము. వ్యక్తి నిమిత్తమాత్రుడు. సుమారు ఏబది సంవత్సరములుగా ఆ దేశ రాజకీయము కుడివైపునకు ఒరుగుచు వచ్చినది. ఆ యొరుగుటకు ఒక పక్షము బలము నీయగా రెండవ పక్షము దారి నిచ్చినది. ఈ విషయమును కొంత విపులముగా విచారింతము.

మొదట పక్షముల పేర్లను చూచి భ్రమపడరాదు. 1787లో ఫిలడెల్ఫియా నగరమున రచింపబడిన రాజ్యాంగమునందు రాజకీయ పక్షముల ప్రసక్తియే లేదు. 1796లో వాషింగ్టను తన వీడ్కోలు సందేశమున, పక్షావేశము దేశమునకు చేటు తెచ్చునని హెచ్చరించెను. ఐనను పక్షములు పుట్టినవి, పెరిగినవి. 1854లో వెలసిన రిపబ్లికను పక్షము బానిసత్వ విస్తరణమును ప్రతిఘటించుటకే వెలసినది. లింకను ఆ పక్షమువాడు. దక్షిణ రాష్ట్రములలోని తెల్లజాతి భూస్వాములకు అండగా నిలిచినది, నేడు ఉదారవాదమునకు పేరొందిన డెమోక్రాటు పక్షమే. నూరేండ్లు గడచునప్పటికి ఈ రెండును స్థానములు మార్చుకొన్నవి. పేర్లు నిలిచినవి గాని పేర్లు సూచించు వస్తువు నిలువలేదు.

1929 నాటి ఆర్థిక విపత్తు తరువాత 1932లో ఫ్రాంక్లిను రూజ్వెల్టు అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. 1935లో వృద్ధులకు పింఛను లిచ్చు సాంఘిక భద్రతా శాసనమును, కార్మికులు సంఘములు కట్టుకొని యజమానులతో బేరమాడు హక్కును స్థిరపరచిన వాగ్నరు శాసనమును అమలులోనికి వచ్చినవి. తరువాత నలుబదియేండ్లు ఏ పక్షమువారు అధికారమున నున్నను ఈ పునాదిని పెకలింప సాహసింపలేదు. ఆనాడు రాజకీయముల నడిమి స్థాన మెచ్చట నుండెనో తెలియుటకు ఒకటి రెండు దృష్టాంతములు చాలును. ఐసెన్‌హోవరు రిపబ్లికను, సేనాని, సమష్టివాద మనిన గిట్టనివాడు. ఆయన పాలనలో మిక్కిలి ధనవంతుల ఆదాయములోని పై భాగమునకు పన్ను నూటికి 91 వంతులు. 2025లో అది 37 వంతులు. నిక్సనును రిపబ్లికనే. పర్యావరణ సంరక్షణకై 1970లో ప్రత్యేక సంస్థను నెలకొల్పినవాడు, యజమానులు తమ పనివారికి ఆరోగ్య భీమా కల్పించి తీరవలెనని 1974లో పథకము ప్రతిపాదించినవాడు ఆయనయే. పన్నుల విషయమున ఈ కొలబద్దతో కొలిచినచో నేటి డెమోక్రాటు నాయకులలో పలువురు నాటి రిపబ్లికనులకు కుడివైపున నిలుతురు.

ఈ మార్పునకు మూల మెచ్చట? ఒక మూలము జాతి ద్వేషమున నున్నది. 1964లో పౌరహక్కుల శాసనమును, 1965లో వోటుహక్కు శాసనమును లిండను జాన్సను నెగ్గించెను. రెండు పక్షములవారును ఈ శాసనములకు సాయపడిరి. కాని ఆ 1964లో రిపబ్లికను అభ్యర్థిగా నిలిచిన గోల్డువాటరు పౌరహక్కుల శాసనమునకు వ్యతిరేకముగా వోటు చేసినవాడు. ఆయన ఘోరముగా ఓడెను. ఐనను తన స్వరాష్ట్రమగు ఆరిజోనా గాక ఆయన గెలిచిన ఐదు రాష్ట్రములును తరతరములుగా డెమోక్రాటుల కంచుకోటలైన దక్షిణ రాష్ట్రములే. ఓటమిలోనే దారి కనబడినది. 1968లో జార్జి వాలెసు జాతివివక్షను పతాకముగా ఎత్తి అధ్యక్ష నిర్వాచకులలో 46 గురిని గెలుచుకొనెను. ఆ వోట్లను తమవైపునకు త్రిప్పుకొనుట యెట్లో నిక్సనును, తరువాతివారును నేర్చుకొనిరి.

రెండవ మూలము ధనబలము. 1971లో లూయీ పావెలు అను న్యాయవాది - ఆయన మరుసటి సంవత్సరము మొదలు సుప్రీముకోర్టు న్యాయమూర్తి - వ్యాపారస్థులు రాజకీయములలో సంఘటితులై తమ పలుకుబడిని నిలుపుకొనవలెనని వాణిజ్య మండలికి ఒక లేఖ వ్రాసెను. 1973లో హెరిటేజి సంస్థ వెలసినది. ఎన్నికలలో ధనము వెచ్చించుట వాక్స్వాతంత్ర్యములో భాగమని 1976లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఈ రెండు ప్రవాహములును 1980లో రీగను విజయమున సంగమించినవి. సమ్మె చేసిన విమాన మార్గ నియంత్రకులను 11 వేలమందికి పైగా 1981లో ఒక్కమారుగా ఆయన తొలగించెను. నూటికి 70 వంతులున్న ఉన్నత ఆదాయపు పన్ను మొదట 50కిని, 1986 శాసనముతో 28కిని దిగినది.

అప్పుడు ప్రతిపక్షము చేసిన దేమి? 1984లో 50 రాష్ట్రములలో 49 రీగనునకు లభింపగా డెమోక్రాటు నాయకులు కొందరు తమ సిద్ధాంతమే తమకు బరువైనదని నిశ్చయించిరి. 1985లో పక్షమును నడిమికి జరుపుటకై ఒక నాయక మండలిని స్థాపించిరి. 1992లో గెలిచిన శ్రీ క్లింటనుగారు ఆ మండలినుండి వచ్చినవారే. మెక్సికో, కెనడాలతో స్వేచ్ఛా వాణిజ్యపు టొడంబడిక రిపబ్లికను అధ్యక్షుడు కుదిర్చినది. 1993లో దానిని నెగ్గించినవారు క్లింటనుగారు. ప్రతినిధి సభలో దానికి వారి పక్షమువారికంటె ఎదుటి పక్షమువారే ఎక్కువ వోట్లిచ్చిరి. పేదలకిచ్చు సహాయమును కుదించిన శాసనము 1996లోను, బ్యాంకుల వ్యాపారమునకు 1933లో వేసిన కట్టడులను సడలించిన శాసనము 1999లోను వారి సంతకముతోనే వెలువడినవి. 2008లో బ్యాంకులు కూలినప్పుడు ఇండ్లు పోగొట్టుకొన్న కుటుంబములకు, తమ బాధకు కారకులు ఫలానా పక్షమువారని వ్రేలు చూపుటకును వీలు లేకపోయినది.

2010 నాటి ఆరోగ్య భీమా శాసనపు కథ మరియు విచిత్రము. ప్రతి పౌరుడును భీమా తీసికొని తీరవలెనను నిబంధన హెరిటేజి సంస్థవారు 1989లో సూచించినదే. మాసచూసెట్సు రాష్ట్రమున 2006లో రిపబ్లికను గవర్నరగు శ్రీ రామ్నీగారు అమలు పరచినదే. దానినే శ్రీ ఒబామాగారు స్వీకరింపగా రిపబ్లికనులలో ఒక్కరును తుదకు వోటీయలేదు. ఎదుటివాడు మన చోటికి వచ్చినచో మనము మరికొంత ఆవలికి జరుగవలెనను నీతి యిది. ఇట్లు ఒకరు జరుగగా ఒకరు వెంబడించుటచే నడిమి స్థానమే కదలిపోయినది.

ఇట్టి స్థితిలో మూడవ పక్ష మేల పుట్టలేదని చదువరులు ప్రశ్నింపవచ్చును. పుట్టినవి, నిలువలేదు. 1912లో థియోడరు రూజ్వెల్టు కొత్త పక్షము పెట్టి నూటికి 27 వోట్లు తెచ్చుకొనెను; ఫలితము, నూటికి 42 వోట్లతో విల్సను గెలుపు. 1992లో పెరో నూటికి సుమారు 19 వోట్లు పొందియు ఒక్క నిర్వాచకునైనను పొందలేదు. 2000లో ఫ్లోరిడాలో నేడరుగారికి 97 వేల వోట్లు రాగా, ఆ రాష్ట్రమును, దానితో అధ్యక్ష పదవిని, బుష్షుగారు 537 వోట్ల తేడాతో గైకొనిరి. తాను మెచ్చినవానికి వోటిచ్చినచో తనకు గిట్టనివాడు గెలుచునను భయము వోటరును బంధించి యున్నది. ఏ రాయియైన నేమి పళ్లూడగొట్టుకొనుటకని మనవారన్నట్లు, వాడు చిన్నరాయిని వెదకుకొనుచున్నాడు.

ఎక్కువ వోట్లు వచ్చినవాడే గెలుచు పద్ధతి మనకును గలదు గదా యనవచ్చును. నిజమే. కాని మన దేశమున ఒక రాష్ట్రమున బలపడిన పక్షము ఆ రాష్ట్రమునేలి, కేంద్రమునందును తన మాట వినిపింపగలదు. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశము 1983 జనవరిలో ఆంధ్ర ప్రదేశము నేలుటకు వచ్చుట మన మెరిగినదే. అమెరికాలో అధికారమంతయు ఒకే యొక అధ్యక్షుని చుట్టును తిరుగును; ఆ పదవి పంచుకొన శక్యము కానిది. అభ్యర్థి పేరు వోటు పత్రమున కెక్కుటకే రాష్ట్ర రాష్ట్రమున వేరు వేరు నిబంధనలు. మినెసోటాలో రైతు-కార్మిక పక్షము 1930లో గవర్నరు పదవి గెలిచియు, 1944లో డెమోక్రాటులలో కలిసిపోవలసి వచ్చినది.

ఈ యంత్రము ఎటైనను ఒరుగవచ్చును గదా, కుడివైపునకే యేల యొరుగవలెను? కుడి తట్టలో బరువు పెరిగి ఎడమ తట్టలో తరిగినది గనుక. 1950 ప్రాంతమున పనివారిలో మువ్వురిలో ఒకరు కార్మిక సంఘములలో నుండిరి. 2024లో పదిమందిలో ఒకరు. సంస్థలు ఎన్నికలలో ఎంత ధనమైనను స్వతంత్రముగా వెచ్చింపవచ్చునని 2010లో సుప్రీముకోర్టు తలుపులు తెరచినది. నియోజకవర్గముల హద్దులను పాలకులు తమ కనుకూలముగా గీసికొనుటచే పెక్కు స్థానములలో ఫలితము ముందే తెలియును. 2025లో టెక్సాసులో రిపబ్లికనులును, దానికి బదులుగా కాలిఫోర్నియాలో డెమోక్రాటులును ఈ పనినే చేసిరి. ఇట్టి చోట ప్రతినిధి భయపడవలసినది ఎదుటి పక్షమునకు గాదు, స్వపక్షములోని మరింత తీవ్రవాదికి. ప్రతినిధి సభలో రిపబ్లికను నాయకుడగు కాంటరుగారు 2014లో అభ్యర్థుల నెన్నుకొను ప్రాథమిక పోటీలోనే ఓడుట మిగిలినవారి కొక పాఠమైనది. ఆరు లక్షలకు లోపు జనమున్న వయోమింగునకును, సుమారు నాలుగు కోట్లున్న కాలిఫోర్నియాకును సెనేటులో సమానముగా ఇద్దరేసి సభ్యులు. 2016లో ప్రత్యర్థికంటె సుమారు 29 లక్షల వోట్లు తక్కువ వచ్చిన ట్రంపుగారు అధ్యక్షులై మువ్వురు న్యాయమూర్తులను నియమించిరి. గర్భస్రావ విషయమున స్త్రీలకు 1973లో లభించిన హక్కును 2022లో రద్దుపరచిన తీర్పులో ఆ మువ్వురును చేరిరి.

అంతయు కుడివైపునకే పోయినదనుట అన్యాయము. 2008లో ఒక నల్లజాతివాడు అధ్యక్షుడుగా ఎన్నికగుట 1964లో ఊహకందని విషయము. 2016లో తన్ను తాను సోషలిస్టునని చెప్పుకొనిన శాండర్సుగారికి ప్రాథమిక పోటీలో కోటి ముప్పది లక్షల వోట్లు వచ్చినవి. 2025 నవంబరులో న్యూయార్కు నగర మేయరుగా మామ్దానీగారు గెలుచుటయు సామాన్య విషయము గాదు. కాని లెక్క సరిచూచినచో, వ్యక్తిజీవన విషయములలో స్వేచ్ఛ కొంత పెరిగినది, శ్రామికుని బలము మాత్రము తరిగినది. 2009 జూలైలో గంటకు 7.25 డాలరులుగా నిర్ణయింపబడిన కేంద్ర కనిష్ఠ వేతనము పదునైదేండ్లు గడచినను పెరుగలేదు. ఈ కాలమున అధికారము రెండు పక్షముల చేతులును మారినది.

ఈ యుపేక్షవలననే 2016లో మిచిగాను, విస్కాన్సిను, పెన్సిల్వేనియా రాష్ట్రముల కర్మాగార ప్రాంతములు ట్రంపుగారివైపు తిరిగినవి. వాణిజ్యపు టొడంబడికలను ఎన్నికల వేదికపై బహిరంగముగా నిందించినవారు వారు. రెండు పక్షములును కలిసి చేసిన గాయమును చూపి, ఒక పక్షము వోట్లు కూడబెట్టుకొన్నది. కాని ఆకలితో నున్నవానికి పరాయివానిపై ద్వేషము నేర్పుట అన్నము పెట్టుట గాదు.

ఈ విచారణ మనకు దూరము గాదు. భారతీయుడు పౌరసత్వమునకు అర్హుడు గాడని 1923లో భగత్‌సింగు థిండు వ్యాజ్యెమున అమెరికా సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 1946 శాసనము ఏటికి నూరుగురికి మాత్రము తలుపు తెరచినది. లక్షలాది భారతీయులకు, వారిలో వేలకు వేల తెలుగు కుటుంబములకు, దారి చేసినది 1965 నాటి వలస శాసనము. నల్లజాతివారు నెత్తురోడ్చి సాధించిన పౌరహక్కుల కాలమే ఆ శాసనమును గన్నది. 2025 సెప్టెంబరులో ఎచ్1బి అనుమతి కోరు కొత్త దరఖాస్తులపై లక్ష డాలరుల రుసుము విధింపబడినపుడు మన ఇండ్లలో దిగులు పుట్టినది. పన్నులు తగ్గిన చాలునని కుడిపక్షమును మెచ్చువారు మనలో లేకపోలేదు. అన్యుల హక్కులు పోవునప్పుడు గజనిమీలిక నవలంబించినవారికి, తమ వంతు వచ్చునప్పుడు తోడు దొరకుట కష్టము.

ఇక మార్గమేమి? మెయిను రాష్ట్రమువారు 2018 మొదలును, అలాస్కావారు 2022 మొదలును, వోటరు తన యిష్టానుసారము అభ్యర్థులకు వరుస సంఖ్య లిచ్చు పద్ధతిని కేంద్ర శాసనసభ ఎన్నికలలో అనుసరించిరి. మూడవవానికి వోటిచ్చిన వ్యర్థమగునను భయమును ఇది తగ్గించును, మంచిదే. కాని పద్ధతి మార్చినంతమాత్రమున పక్షములు మారవు. అమెరికా చరిత్రలో పెద్ద మేలులు పక్షముల గర్భమున పుట్టినవి గావు. బానిసత్వ నిర్మూలనము కోరినవారు, సంఘములు కట్టిన గని పనివారు, 1955 డిసెంబరు మొదలు 381 దినములు బస్సులెక్కక నడచిపోయిన మాంట్గొమరీ నల్లజాతి ప్రజలు - వీరు బయటనుండి ఒత్తిడి చేయగా పక్షములు వెంబడించినవి. ఆ నడకకు నాయకుడైన మార్టిను లూథరు కింగు గాంధీజీ మార్గమును అభ్యసించినవాడు. 1959లో మన దేశమునకు వచ్చి దానిని తెలిసికొని పోయినవాడు.

కావున అమెరికా ఎన్నికలలో ఎవరు గెలిచిరనుటతో మన విచారణ ముగియరాదు. గెలిచినవారును ఓడినవారును ఏ దిక్కునకు జరిగిరో, ఎవరిని వెనుక విడిచిరో చూడవలెను. విడువబడినవారు మరల సంఘటితులైన దినముననే అచ్చటి త్రాసు సరియగునని మా విశ్వాసము.