చెన్నపట్నానికి అక్క

చెన్నపట్నానికి అక్క వరుసయ్యే ఊరొకటి నెల్లూరు తీరంలో ఉన్నదంటే చాలామంది నమ్మరు. అది దుగరాజపట్నం, 2022 దాకా నెల్లూరు జిల్లాలోనిదే. 1626లో ఆంగ్లేయ వర్తకులు ఇక్కడ స్థావరమేర్పరచుకొని, ఊరిని ఆర్మగాన్ అన్నారు. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మదరాసు స్థలం సంపాదించాడు. మరుసటి ఏడే మకాం అక్కడికి మారింది. మళ్ళీ 2014 నాటి పునర్విభజన చట్టం ఈ ఊరికొక పెద్ద రేవును, 2018కల్లా తొలిదశ పూర్తి అన్న గడువుతో సహా, ప్రకటించింది. గడువు దాటింది, రేవు రాలేదు.

రెండుమార్లు అదృష్టం తప్పిన ఊరని జాలిపడేవారితో నేను ఏకీభవించలేను. చేరువనే పులికాట్ సరస్సు, అందులో జాలరుల పడవలు, నేలపట్టులో నీట నిలిచిన కడప చెట్లపై గూళ్ళు కట్టే గూడబాతులు! ఇవి మిగలడానికి ఓడలు రాకపోవడమూ ఒక కారణమని నా నమ్మకం. జాలరి బిడ్డలకు బడి, వైద్యం, ఉపాధి వద్దనడం లేదు. అయితే రేపు ఏ పథకం వచ్చినా, ఆ సరస్సుపై బ్రతికేవారి మాట ముందు వినాలి.

మదరాసు వెళ్ళే మిత్రులారా, ఒకసారి గూడూరులో దిగి, వాకాడు మీదుగా ఆ అక్కగారినీ పలకరించి వెళ్ళండి.