వేసవి భోజనానికి చవక వైనే సరిజోడు

మన ఊళ్లలో మద్యం దుకాణాన్ని ‘వైన్స్’ అంటాం. బోర్డు మీదా అదే మాట ఉంటుంది. లోపల అరల నిండా బ్రాందీ, విస్కీ, బీరు; అసలు వైన్ మాత్రం ఏ మూలో నాలుగు సీసాలు. ఆ నాలుగింటిలోనూ కొనేవారి చెయ్యి ముందు ఎర్ర వైన్ మీదికి, అందులోనూ ఖరీదైనదాని మీదికి పోతుంది. మద్యాన్ని ధరతోనో, ఎక్కే మత్తుతోనో కొలిచే అలవాటు మనది. ఆ కొలత వైన్ విషయంలో తప్పుతుంది. ఎండాకాలంలో, కారం పులుపు దండిగా ఉండే మన భోజనంతో వైన్ తాగదలచినవారికి తగినది చవకగా దొరికే, తేలికైన, చల్లని తెల్ల వైన్. డబ్బు లేక సర్దుకుపోవడం కాదిది. రుచి లెక్కలోనూ అదే మేలు.

ఆ లెక్క నాలుక మీదే తేలుతుంది. ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి దిగిన టానిన్ ఉంటుంది. పచ్చి అరటికాయ కొరికితే నోరు పట్టేసినట్టుండే వగరు అదే. మిరపకారం తగిలిన నోటికి ఆ వగరు మరింత గరుకుగా, చేదుగా తెలుస్తుంది. ఆల్కహాల్ శాతం ఎక్కువైతే కారం మంట ఇంకా పెరుగుతుంది. తెల్ల వైన్‌లో వగరు తక్కువ, పులుపు ఎక్కువ. చింతపండు పోసిన చేపల పులుసుతో ఒక ముద్ద తిని, షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ చల్లగా ఒక గుక్క తాగి చూడండి. పులుసు పులుపు ముందు వైన్ పులుపు మెత్తబడి, పండు వాసన పైకి వస్తుంది. వైన్‌లో పులుపు చాలకపోతే అదే ముద్ద తర్వాత నీళ్లలా చప్పగా ఉంటుంది. గోంగూర మాంసం లాంటి కారపు కూరకు కాస్త తీపి తగిలే తెల్ల వైన్ నప్పుతుంది, తీపి మంటను తగ్గిస్తుంది కాబట్టి. రొయ్యల వేపుడుకు సావిన్యో బ్లాంక్ అనే తీపి లేని తెల్ల వైన్ బాగుంటుంది. నూనె జిడ్డును దాని పులుపు కోసేస్తుంది.

చవకైనది నాసిరకం కాదా అని అడగవచ్చు. ధర ఎక్కడ పెరుగుతుందో చూస్తే జవాబు దొరుకుతుంది. 225 లీటర్లు పట్టే ఓక్ పీపాలో నిండేది 300 సీసాల సరుకు. ఆ పీపా ఖరీదు, అందులో నెలలూ ఏళ్లూ నిలవ ఉంచే ఖర్చు సీసా ధరలో కలుస్తాయి. తేలికపాటి తెల్ల వైన్లు చాలావరకు స్టీలు ట్యాంకులోనే పులిసి, కొన్ని నెలలకే సీసాకెక్కుతాయి. తాజాదనమే వాటి గుణం, దాచిపెడితే అది పోతుంది. పోర్చుగల్ వాయవ్య ప్రాంతంలో 1908లోనే హద్దులు గీసుకున్న విన్యో వెర్దె ఇందుకు మంచి రుజువు. ఆ పేరుకు అర్థం ‘పచ్చి వైన్’, అంటే లేతది అని. చవకగా, సన్నటి బుడగతో ఉండే దాన్ని అక్కడివారు కాల్చిన చేపలతో తాగుతారు. అలాంటి తాజా వైన్ తయారయ్యే నాసిక్ మనకు దగ్గర్లోనే ఉంది. అక్కడ ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది.

బరువైన అభ్యంతరం ఆరోగ్యానిది. ఇంత తాగితే ప్రమాదం లేదని చెప్పగల మోతాదు మద్యానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. వైన్‌కు అందులో మినహాయింపు లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై ఉద్యమించిన నేల మనది. మద్యం ఇళ్లను ఎలా కూల్చిందో ఇక్కడ ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే తాగనివారిని మొదలుపెట్టమనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వేసవి దాహానికి మజ్జిగ, మంచినీళ్లే మందు. మద్యం ఒంట్లోని నీటిని ఇంకా లాగేస్తుంది. నా మాటలు ఇప్పటికే తాగుతున్నవారికి. 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్లలో సుమారు 26 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. 12 శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో ఉండేది 18. ఆ గ్లాసును అన్నంతో పాటు, మధ్యలో నీళ్లు తాగుతూ, గంటసేపు రుచి చూసేవారు తాగేది తగ్గుతుంది. రెండో గ్లాసు, మూడో గ్లాసు పోసుకుంటే మాత్రం ఈ లెక్క చెల్లదు.

కొనేటప్పుడు ధర కంటే ముందు లేబుల్ చూడండి. ఆల్కహాల్ 12 శాతం చుట్టుపక్కల ఉండాలి, తెల్ల వైన్ అయితే పంట ఏడాది దగ్గరిదై ఉండాలి. ఎండ తగిలే అరలో నిలబెట్టిన సీసా, బిరడా పైకి తోసుకొచ్చిన సీసా వద్దు. వేడికి వైన్ పాడవుతుంది. రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, గ్లాసులో మూడో వంతే పోయండి. మొదటి గుక్క ఖాళీ నోటితో, రెండోది ముద్ద తిన్నాక తాగండి. ఆ రెంటికీ తేడా తెలిసిన నాలుకకు ధర చీటీతో పనిలేదు. తాగిన రోజు బండి తాళం మాత్రం ముట్టుకోకండి.