మార్చండి... చెరిపేయకండి!

రామప్ప గుడి ఉన్న పాలంపేట ఏ జిల్లాలో ఉంది? చిన్న ప్రశ్నే. కానీ ఒకే ఇంట్లో ముగ్గురిని అడిగితే మూడు జవాబులు రావచ్చు. తాతయ్య వరంగల్ అంటాడు. 2017లో పోటీ పరీక్షకు చదివిన అన్నయ్య జయశంకర్ భూపాలపల్లి అంటాడు. ఇప్పుడు బడికెళ్తున్న చెల్లాయి ములుగు అంటుంది. తమాషా ఏమిటంటే, ఎవరి కాలానికి వాళ్లు చెప్పింది నిజమే! 2016 అక్టోబరు 11న, దసరా రోజున, తెలంగాణలోని పది జిల్లాలు 31 అయ్యాయి. అప్పుడు పాలంపేట వరంగల్ నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లింది. 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇప్పుడు ఆ ఊరి గురించి వికీపీడియాలో ఉన్న పేజీని మీరు సరిచేయాలనుకోండి. ఏం చేస్తారు? 'వరంగల్' అన్న చోటల్లా 'ములుగు' అని మార్చేస్తే పనైపోతుందా? అవదు. అసలు తిప్పలు అక్కడే మొదలవుతాయి.

ఎవరైనా దిద్దే పుస్తకం

'వికీ' అంటే హవాయి భాషలో త్వరగా అని అర్థం. చదివేవాళ్లే దిద్దగలిగే వెబ్‌సైటును 1995లో అమెరికాకు చెందిన వార్డ్ కన్నింగ్‌హామ్ తయారుచేశాడు. హొనలులు విమానాశ్రయంలో తిరిగే 'వికీ వికీ' బస్సు గుర్తొచ్చి దానికి ఆ పేరు పెట్టాడు. అదే పద్ధతిలో 2001 జనవరి 15న వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యాయి. తెలుగులో ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి. ఎక్కువగా తీరిక వేళల్లో, పైసా ఆశించకుండా రాసేవాళ్లే దాన్ని ఇంతదాకా తెచ్చారు. అందులోని పేర్లు కూడా మనకు బాగా తెలిసినవే. నలుగురూ చేరి మాట్లాడుకునే పేజీ 'రచ్చబండ'. రెండు మూడు వాక్యాల దగ్గర ఆగిపోయిన వ్యాసం 'మొలక'. చేయి తిరిగేదాకా రాసి చూసుకునే చోటు 'ప్రయోగశాల'.

ఇంగ్లిషులో పేరున్న వ్యాసాలను రోజూ వేలమంది చూస్తారు. తప్పు దొర్లితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. మన దగ్గర ఓ చిన్న ఊరి పేజీకి అంత అదృష్టం ఉండదు. ఇవాళ పడిన తప్పును దిద్దే మనిషి వచ్చేవారం రావచ్చు, అయిదేళ్లయినా రాకపోవచ్చు. ఈలోగా పిల్లలు దాన్ని ప్రాజెక్టు పుస్తకంలోకి ఎక్కించేస్తారు. ఇంకో వెబ్‌సైటు ఎత్తుకుపోతుంది. అక్కడి నుంచి మరొకరు రాసుకుంటారు. అందుకే చిన్న వికీలో దిద్దేవాళ్లకు జాగ్రత్త రెండింతలు కావాలి. తర్వాత ఎవరో చూసుకుంటారులే అనుకోవడానికి లేదు!

'ప్రస్తుతం' అంటే ఎప్పుడు?

పాత వ్యాసాల్లో ఎక్కువగా ఇబ్బంది పెట్టే మాటలు కొన్నున్నాయి. ప్రస్తుతం, ఇటీవల, త్వరలో, గత ఏడాది. పత్రికలో అయితే వీటితో పేచీ లేదు. పైన తేదీ ఉంటుంది. వికీ వ్యాసానికి ఆ తేదీ ఉండదు. 'ఈ ఊరికి ప్రస్తుతం రోజూ రెండు బస్సులు వస్తాయి' అని ఎవరో రాసి ఉంటారు. అది 2008 నాటి మాటో, నిన్నటిదో చదివేవాళ్లకు తెలిసేదెలా?

'రామప్ప గుడికి త్వరలో యునెస్కో గుర్తింపు రానుంది' అన్న వాక్యం ఉందనుకోండి. 2021 జులై 25తో దానికి కాలం చెల్లిపోయింది. ఆ రోజు యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ మాటనే తేదీతో సహా రాస్తే? పదేళ్ల తర్వాత చదివినా తప్పు కాదు. దిద్దే అవసరమే రాదు. మారే విషయం ఏది రాసినా పక్కన సంవత్సరం వేయడం... వికీలో నేర్చుకోవాల్సిన మొదటి అలవాటు ఇదే.

పాతదీ నిజమే

కొత్త సంగతి తెలియగానే పాతదాన్ని తుడిచేయాలనిపిస్తుంది. అది మంచిది కాదు. చీరాలనే తీసుకోండి. 1970 వరకూ గుంటూరు జిల్లా. ఆ ఏడాది ఒంగోలు జిల్లా ఏర్పడింది. దానికే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినప్పుడు చీరాల బాపట్ల జిల్లాలోకి వచ్చింది. తాతగారి పాత దస్తావేజులో గుంటూరు జిల్లా అని ఉంటుంది. తండ్రి పదో తరగతి సర్టిఫికెట్లో ప్రకాశం అని ఉంటుంది. మనవడి కాగితాల్లో బాపట్ల అని ఉంటుంది. 'మా ఊరు మూడు జిల్లాల్లో ఎలా ఉంది?' అని ఆ మనవడు వెతికితే వికీలో 'బాపట్ల జిల్లా' అన్న ఒక్క ముక్కే కనిపించిందనుకోండి. ఏం లాభం?

కాబట్టి మొదటి వాక్యంలో ఇప్పటి జిల్లా రాయాలి. తర్వాతి వాక్యంలో ఏ తేదీ వరకూ ఏ జిల్లాలో ఉండేదో చెప్పాలి. పాతమాట తీసేయాల్సింది అది అబద్ధమైతేనే. పాతబడితే, దాని కాలం చెప్పి ఉంచాలి.

'అన్ని చోట్లా మార్చు' అన్న మీట నొక్కేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పేజీ అడుగున మూలాల్లో 'వరంగల్ జిల్లా' అన్న మాటతో ఏ పాత పుస్తకం పేరో ఉండొచ్చు. దాన్నీ 'ములుగు జిల్లా' అని మార్చేస్తే... అలాంటి పుస్తకం లోకంలోనే ఉండదు!

అంకె మారింది, ఆధారం మారలేదు

అన్నింటికంటే ప్రమాదకరమైన దిద్దుబాటు చూడ్డానికి చాలా చిన్నగా ఉంటుంది. ఊళ్ల పేజీల్లో '2011 జనాభా లెక్కల ప్రకారం' అంటూ ఓ అంకె ఉంటుంది. దాని పక్కన ఆధారం ఉంటుంది. ఊరు పెరిగింది కదా అని ఎవరో వచ్చి 3,200ని 4,500 చేసి వెళ్లారనుకోండి. ఆధారం మాత్రం అలాగే ఉంది. ఇంకేముంది... 2011 లెక్కల్లోనే 4,500 అని ఉన్నట్టు లోకం నమ్ముతుంది. ఆధారమే లేని అంకెనైతే చదివేవాళ్లు అనుమానిస్తారు. ఈ అంకెను అనుమానించరు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి, ఆ తర్వాతి అంకె ఏది కనిపించినా 'ఇది ఎక్కడిది?' అని అడిగి తీరాలి.

సూత్రం తేలికే. అంకె మారిస్తే ఆధారమూ మార్చాలి. కొత్త ఆధారం లేదా? పాత అంకెను ముట్టుకోవద్దు. ఊరి పెద్ద చెప్పాడనో, వాట్సాప్‌లో వచ్చిందనో రాస్తే కుదరదు. ప్రభుత్వ ఉత్తర్వు, జనగణన పుస్తకం, పేరున్న పత్రిక... ఇలా వేరొకరు తీసి సరిచూసుకోగలిగేదై ఉండాలి. కృత్రిమ మేధను అడిగి తెచ్చిన సమాచారమైతే మరీ జాగ్రత్త. లేని పుస్తకాన్ని కూడా పేరూ పేజీ నంబరుతో సహా చెప్పేయగలదది!

ఒకచోట మారిస్తే చాలదు

జిల్లా పేరు వ్యాసం మొదట్లోనే కాదు, పక్కనుండే సమాచారపెట్టెలోనూ ఉంటుంది. అడుగున వర్గాల్లోనూ ఉంటుంది. ఒకటి మార్చి రెండు వదిలేస్తే, పేజీ తనతో తనే పోట్లాడుతుంది. పైన ములుగు, పక్కన వరంగల్! దిద్దాక పేజీని మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి చదవడం తప్పనిసరి. భద్రపరిచే ముందు ఎలా కనిపిస్తుందో చూసుకునే వీలు ఉండనే ఉంది. మండలం పేజీలో, జిల్లా పేజీలో కూడా ఆ ఊరి ప్రస్తావన ఉంటే అక్కడా ఓ చూపు వేయాలి.

ఎందుకు మార్చారో చెప్పండి

భద్రపరిచే చోట 'సారాంశం' అని చిన్న గడి ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. 'జిల్లా మార్పు 2019, ఉత్తర్వు జతచేశాను' అని నాలుగు ముక్కలు రాస్తే చాలు. వికీలో ప్రతి మార్పూ ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చరిత్రలో నమోదవుతుంది. ఎందుకు చేశారో మాత్రం ఆ గడిలో మీరు చెబితేనే తెలుస్తుంది. కారణం చెప్పకుండా నాలుగు పేరాలు తీసేస్తే, అవతలివాళ్లకు అది సవరణలా కనిపించదు. ఎవరో పేజీని పాడుచేసినట్టే కనిపిస్తుంది.

అలాగే అన్నీ ఒకేసారి మార్చొద్దు. అక్షరదోషాలు ఒక విడత, జిల్లా సంగతి ఇంకో విడత, కొత్త పేరా మరో విడత. ఇలా చేస్తే, ఒకదానిమీద అభ్యంతరం ఉన్నవాళ్లు దాన్నొక్కదాన్నే వెనక్కి తిప్పుతారు. మిగతా కష్టం నిలబడుతుంది.

మీ మార్పును ఎవరైనా వెనక్కి తిప్పితే? కోపం వస్తుంది. సహజమే. మళ్లీ అదే పెట్టి, వాళ్లు మళ్లీ తీసి... ఈ తంతును వికీలో దిద్దుబాటు యుద్ధం అంటారు. ఇంగ్లిష్ వికీపీడియాలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడుకు మించి ఇలా వెనక్కి తిప్పితే నిషేధం పడొచ్చు. అంతదాకా ఎందుకు? ప్రతి వ్యాసానికీ ఓ చర్చ పేజీ ఉంది. అక్కడ మీ ఆధారం పెట్టి అడగండి. పాతకాపులకూ ఓ మాట. కొత్తవాళ్లు రాసింది తీసేసేటప్పుడు కారణం ఒక్క వాక్యంలో చెప్పండి. చెప్పాపెట్టకుండా తుడిచేస్తే, మొదటిసారి ధైర్యం చేసిన ఆ టీచరమ్మో, ఆ కాలేజీ కుర్రాడో మళ్లీ ఆ గుమ్మం తొక్కరు. పోయేది ఒక వాక్యం కాదు, ఒక మనిషి.

మనుషుల గురించి రాస్తే...

ఊరి పేరు తప్పు పడితే దిద్దుకోవచ్చు. మనిషి పరువు పోతే? అమెరికాలో జాన్ సీగెన్‌థాలర్ అనే సీనియర్ పాత్రికేయుడి గురించి 2005 మేలో ఎవరో సరదాకి వికీపీడియాలో అబద్ధం రాశారు. కెనెడీ సోదరుల హత్యల్లో ఆయన ప్రమేయం ఉందని కొంతకాలం అనుమానించారన్నది దాని సారాంశం. ఆయనేమో 1960ల మొదట్లో రాబర్ట్ కెనెడీ దగ్గర పనిచేసిన మనిషి! అది నాలుగు నెలలకు పైగా అలాగే ఉండిపోయింది. ఆ నవంబరులో ఆయనే పత్రికలో రాసి గోడు వెళ్లబోసుకున్నారు. దాంతో ఖాతా లేనివాళ్లు కొత్త పేజీలు సృష్టించకుండా డిసెంబరులో ఇంగ్లిష్ వికీపీడియా కట్టడి చేసింది. అన్ని కళ్లున్న చోటే అలా జరిగింది. బతికున్నవాళ్ల గురించి ఆధారం లేని మాట ఒక్కటి కూడా రాయకూడదనేది అందుకే. మన గురించి, మన వ్యాపారం గురించి, మన అభిమాన నాయకుడి గురించి మనమే రాసుకోవడమూ మంచిది కాదు. అంతగా ఉంటే చర్చ పేజీలో సూచిస్తే సరి.

పత్రికలో వచ్చిన పేరాను యథాతథంగా దించేయడమూ కుదరదు. విషయం తీసుకోవచ్చు, వాక్యాలు మాత్రం మీవే కావాలి. ఫొటో అయితే మీరు తీసినదైతే ఏ చిక్కూ లేదు.

భద్రపరిచే ముందు...

* మార్చిన విషయానికి తేదీ ఉందా?
* కొత్త మాటకు కొత్త ఆధారం పెట్టారా?
* పాత సంగతి దాని కాలంతో సహా నిలిచే ఉందా?
* సమాచారపెట్టె, వర్గాలు సరిపోయాయా?
* సారాంశంలో కారణం రాశారా?
* పేజీ మీ వీక్షణ జాబితాలో ఉందా? ఉంటే, రేపు ఎవరేం మార్చినా తెలుస్తుంది.

ఇంత ఉందా అని బెదిరిపోకండి. అన్నీ కలిపి పది నిమిషాల పని. ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని మీ ఊరి పేజీ తెరవండి. తేదీ లేని 'ప్రస్తుతం' ఒక్కటైనా కనిపించకపోదు. అమ్మమ్మకు తెలిసిన సంవత్సరం, నాన్న దగ్గరున్న పాత కాగితం, అమ్మాయి వెతికిపెట్టిన ఉత్తర్వు... మూడూ కలిస్తే ఆ ఒక్క వాక్యం సరైపోతుంది. మీ తర్వాత ఆ పేజీ దిద్దేవాళ్లు, అక్కడి నుంచి పని అందుకుంటారు.