పెట్టెలో ఏముందో చెప్పని వ్యాపారం

“వ్యాపారం ప్రవేశించిన చోట సృజన చచ్చిపోతుంది.” మా హేతువాద సమావేశాల్లో సినిమాల గురించో, పత్రికల గురించో, ఈ మధ్య వీడియో గేముల గురించో మాట వచ్చినప్పుడల్లా ఈ వాక్యం వినపడుతుంది. అందరూ తల ఊపుతారు. నేనూ చాలాకాలం ఊపాను. అయితే బాబాల మహిమలకు రుజువు అడిగే మనం, ఈ వాక్యానికి మాత్రం రుజువు ఎందుకు అడగం?

నేను రక్షణ ఖాతాల శాఖలో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. చదివింది బి.కాం. కళావిమర్శకుణ్ణి కాను, కంప్యూటరు నిపుణుణ్ణి అసలే కాను. బిల్లు చూస్తే డబ్బు ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, దేనికి ఇచ్చారు అని వెతకడం ఒక్కటే నాకు తెలిసిన విద్య. ఆ విద్యతోనే ఈ వాక్యాన్ని ఆడిట్ చేద్దాం.

ముందు దానికి అనుకూలమైన సాక్ష్యం చూద్దాం. 1982లో అమెరికాలోని అటారీ సంస్థ, స్పీల్‌బర్గ్ సినిమా “ఇ.టి.” హక్కులు కొన్నది. క్రిస్మస్ అమ్మకాలకు అందాలని హోవార్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామరుకు సుమారు అయిదు వారాల గడువిచ్చి ఆట తయారుచేయించింది. ఆట బాగాలేదు. అమ్ముడుపోని సరుకును 1983లో న్యూ మెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో ఊరి చెత్తదిబ్బలో పాతిపెట్టారు. ఇదంతా కట్టుకథ అన్నవాళ్ళూ ఉన్నారు. 2014లో తవ్వి చూస్తే ఆ కార్ట్రిడ్జిలు నిజంగానే బయటపడ్డాయి.

కానీ అదే వార్షా, అదే సంస్థలో, 1982లోనే విడుదలైన “యార్స్ రివెంజ్” అనే ఆటను నెలల తరబడి కూర్చుని చేశాడు. ఆ ఆటకు ఇప్పటికీ మంచి పేరుంది. మనిషి ఒకడే, యజమాని ఒకడే, లాభాపేక్ష కూడా ఒకటే. తేడా ఇచ్చిన గడువులో ఉంది.

రెండో సాక్ష్యం. అటారీ తన ఆటల మీద వాటిని రాసినవారి పేర్లు వేసేది కాదు, అమ్మకాల్లో వాటా ఇచ్చేది కాదు. అది నచ్చక నలుగురు ప్రోగ్రామర్లు బయటికొచ్చారు. 1979లో యాక్టివిజన్ అనే సంస్థ ఏర్పడింది. అదీ లాభం కోసం పెట్టిందే. కానీ ఆట ఎవరు చేశారో కొన్నవాళ్ళకు పేరు పెట్టి చెప్పింది. ఇక్కడ సృజనకు గౌరవం తెచ్చింది వ్యాపారమే.

మూడోది మా వామపక్ష మిత్రులకు నచ్చే ఉదాహరణ. “టెట్రిస్” పుట్టింది 1984లో, మాస్కోలో, సోవియట్ అకాడమీ వారి కంప్యూటర్ కేంద్రంలో. అలెక్సీ పజిత్నోవ్ దాన్ని లాభం కోసం చేయలేదు, సరదా కొద్దీ చేశాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ హక్కులు ప్రభుత్వం చేతిలోకి వెళ్ళాయి. ప్రపంచమంతా ఆడిన ఆ ఆట మీద ఆయనకు రాయల్టీ రావడం మొదలైంది 1996లో. వ్యాపారం లేనంత మాత్రాన సృష్టికర్తకు న్యాయం జరుగుతుందని దీన్నిబట్టి చెప్పలేం.

నాలుగోది ఈ కాలానిది. ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక్క మనిషి నాలుగేళ్ళకు పైగా శ్రమించి, బొమ్మలూ సంగీతమూ కథా అన్నీ తానే చేసి, 2016లో “స్టార్‌డ్యూ వ్యాలీ” విడుదల చేశాడు. పల్లెలో వ్యవసాయం చేసుకునే ఆట. ఒకసారి కొంటే చాలు, తర్వాత చేర్చినవన్నీ ఉచితం. 2024 చివరికి 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. సృజనా బతికింది, వ్యాపారమూ బతికింది.

నాలుగు వోచర్లు చూశాం. మన వాక్యం లెక్కకు సరిపోవడం లేదు. డబ్బు ఉండడం, లేకపోవడం అసలు విషయం కాదు. మరి ఏమిటి?

దీనికి జవాబు నాకు 2023లో మా ఇంట్లోనే దొరికింది. బ్యాంకు పాసుబుక్కులో నెలన్నర లోపల 62 పద్దులు, ఒక్కొక్కటి 89 రూపాయలు. మొత్తం 5,518 రూపాయలు. ఉద్యోగంలో ఉండగా ఇలాంటివి చాలా చూశాను. పెద్ద బిల్లయితే పై అధికారి మంజూరు కావాలి కాబట్టి చిన్న చిన్న ముక్కలు చేసి పెట్టేవారు. ఇక్కడ ముక్కలు చేసింది ఎవరా అని చూస్తే ఒక ఫోను ఆట. ఆడింది మా అమ్మాయి కొడుకు. అప్పటికి వాడికి 13 ఏళ్ళు. మా కరెంటు బిల్లు వాడే కడతాడు కాబట్టి నా యుపిఐ పిన్ వాడికి తెలుసు.

“ఏరా నాన్నా, ఏమిటివన్నీ?”

“పెట్టెలు తాతయ్యా.”

“పెట్టెలో ఏముంటుంది?”

“తెరిస్తేగాని తెలీదు.”

వాణ్ణి తిట్టలేదు. కూర్చోబెట్టి ఎలా ఆడతావో చూపించమన్నాను. పెట్టెను రూపాయలతో కొనరు. రూపాయలిచ్చి రత్నాలు కొని, రత్నాలతో పెట్టె కొనాలి. ఒక పెట్టెకు ఎన్ని రూపాయలైందో తెలుసుకోవాలంటే భాగహారం చేసుకోవాలి. పిల్లవాడు భాగహారం చెయ్యడని ఆట తయారుచేసినవాళ్ళకు తెలుసు. తెరిస్తే వచ్చేది తొడుక్కునే రంగుల చొక్కా, లేదా తుపాకీకి కొత్త రంగు. ఎక్కువసార్లు పనికిరానిదే వస్తుంది.

అసలు సంగతి తర్వాత బయటపడింది. మంచివి రావాలంటే ఒక పద్ధతి ఉందట. రాత్రి ఎనిమిది దాటాలి. ఫోను బోర్లా పెట్టి మూడు అంకెలు లెక్కపెట్టాలి. తర్వాత తిప్పి, ఎడమచేతి బొటనవేలితో నొక్కాలి. “ఒకసారి అలా చేస్తే నిజంగా వచ్చింది తాతయ్యా!”

నాకు నోట మాట రాలేదు. మా ఇంట్లో తాయెత్తు లేదు, జాతకం లేదు. మా అమ్మాయి పెళ్ళి ముహూర్తం చూడకుండా, ఆదివారమైతే అందరికీ సెలవని ఆదివారం చేశాం. ఆ ఇంట్లో ఏ పూజారీ అడుగు పెట్టకుండా ఒక మూఢనమ్మకం మొలిచింది.

1948లో బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో ఒక ప్రయోగం ప్రచురించాడు. ఆకలిగా ఉన్న పావురాలకు, అవి ఏం చేసినా చెయ్యకపోయినా, నిర్ణీత వ్యవధిలో గింజలు అందేలా ఏర్పాటు చేశాడు. కొంతసేపటికి ఒక పావురం గుండ్రంగా తిరగసాగింది, ఇంకొకటి పంజరం మూలకేసి తల చాచింది. తమ చేష్టల వల్లే గింజలు వస్తున్నట్టుగా అవి ప్రవర్తించాయని ఆయన అన్నాడు. 1971లో ఇతర పరిశోధకులు ఆ వ్యాఖ్యానాన్ని ప్రశ్నించారు, తిండికి ముందు పావురాలు సహజంగా చేసే పనులే అవి కావచ్చన్నారు. పావురాల మనసు సంగతి ఎలా ఉన్నా, ఇంకో విషయం గట్టిగా నిలబడింది. ఎన్ని నొక్కులకు బహుమతి వస్తుందో ముందుగా తెలియకపోతే, ప్రాణి ఆగకుండా నొక్కుతూనే ఉంటుంది. జూదపు యంత్రం నడిచేది దీని మీదే. మా వాడి పెట్టె నడిచేదీ దీని మీదే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. డబ్బు ఎప్పుడు వస్తుందన్నదే కీలకం. వెల ముందే చెప్పి ఆట అమ్మితే, ఆట బాగుండేలా చెయ్యడమే తయారుచేసేవాడి పని. 2006లో ఒక ప్రసిద్ధ ఆటలో గుర్రపు కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మితే జనం నవ్వారు. అయినా వెల తెలుసు, సరుకు తెలుసు. అదే ఆటను ఉచితంగా ఇచ్చి పెట్టెల మీద బతికితే, తయారుచేసేవాడి తెలివంతా పిల్లవాణ్ణి ఇంకో పెట్టె తెరిపించడం మీదికి పోతుంది. సృజన చావలేదు మిత్రులారా. దాన్ని వేరే పనిలో పెట్టారు.

వీడియోలదీ ఇదే కథ. 2012లో యూట్యూబ్, వీడియోను ఎంతమంది నొక్కారన్నదానికన్నా ఎంతసేపు చూశారన్నదానికి ప్రాధాన్యం ఇవ్వడం మొదలుపెట్టింది. మోసపు శీర్షికలను అరికట్టాలన్నది ఉద్దేశం. కానీ దానితో వీడియోను సాగదీసే విద్య పెరిగింది. ఇందులో మన తప్పూ ఉంది. నిప్పుల మీద నడిస్తే కాళ్ళు ఎందుకు కాలవో వివరిస్తూ మేము ఆరు నిమిషాల వీడియో చేశాం. నిప్పులకు ఉష్ణవాహకత తక్కువ, పాదం ఆనేది క్షణం సేపు, ఇదీ విషయం. కొన్ని వందల మంది చూశారు. తర్వాత ఒక కుర్రమిత్రుడి సలహాతో అదే విషయాన్ని ఇరవై నిమిషాలకు సాగదీసి, “బండారం బట్టబయలు! చివరిదాకా చూడండి!” అని పెట్టాం. కొన్ని వేల మంది చూశారు. అందరం సంతోషించాం. మనం చేసిందేమిటి? జవాబును పెట్టెలో పెట్టి దాచాం.

మరి నిషేధించాలా? చట్టాలు చెయ్యగలిగింది కొంత ఉంది. ఇలాంటి పెట్టెల్లో ఒక రకాన్ని జపాన్ 2012లో చట్టవిరుద్ధమన్నది. ఏది వచ్చే అవకాశం ఎంతో ప్రకటించాలని చైనా 2017 నుంచి నిబంధన పెట్టింది. డబ్బు పెట్టి తెరిచే పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లో తేల్చింది. మన దగ్గర వాదమంతా రమ్మీ చుట్టూ తిరిగింది. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అన్నది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. దాని గురి ముఖ్యంగా డబ్బు గెలుస్తామన్న ఆశతో ఆడే ఆటల మీద. మా వాడికి డబ్బు గెలిచే ఆశే లేదు, పోవడం మాత్రమే ఉంది.

నేను కోరేది సాదాసీదా లెక్కల నియమం. వెల రూపాయల్లో చెప్పండి, రత్నాల్లో కాదు. అవకాశం ఎంతో పెట్టె మీదే రాయండి. ఇప్పటిదాకా ఎంత ఖర్చయిందో తెరమీద చూపండి. మైనర్లకు గుడ్డి పెట్టెలు అమ్మకండి. ఇవి పాటించి లాభాలు గడించేవాడి మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు.

మా వాడి సంగతి చెప్పి ముగిస్తాను. ముందు వాడికి ఒక లెక్క చూపించాను. నూటికి ఒక్క అవకాశమున్న వస్తువు కోసం వంద పెట్టెలు తెరిస్తే, వందమందిలో సుమారు 37 మందికి అది అసలు దక్కదు. వాడు నమ్మలేదు, కాలిక్యులేటరు మీద తనే చేసి చూసుకున్నాడు. తర్వాత ఇద్దరం ఒక ప్రయోగం పెట్టుకున్నాం. రోజూ ఉచితంగా వచ్చే ఒక్క పెట్టెను, ఒకరోజు వాడి పద్ధతిలో, ఒకరోజు మామూలుగా, 60 రోజులు తెరిచి నోటుబుక్కులో రాశాడు. పద్ధతి పాటించిన 30 రోజుల్లో మంచివి 7, మామూలు 30 రోజుల్లో 6.

“చూశావా తాతయ్యా, ఒకటి ఎక్కువ!” అన్నాడు.

రూపాయి బిళ్ళ తీసి, 30 సార్లు వాడు, 30 సార్లు నేను ఎగరేశాం. వాడికి బొమ్మ 18 సార్లు పడింది, నాకు 13. చాలాసేపు ఆలోచించి, “అయితే ఏడుకీ ఆరుకీ తేడా లేనట్టే” అన్నాడు. ఆ మాట నేను చెప్పలేదు, వాడే అన్నాడు.

ఆ నోటుబుక్కు చూశాకే మా వీడియోల సంగతి నాకు తట్టింది. కిందటి సమావేశంలో ఒక ప్రతిపాదన పెట్టాను. ఇకమీదట జవాబును మొదటి నిమిషంలోనే చెప్పేద్దాం, వివరణ తర్వాత ఇద్దాం. ఒప్పుకున్నారు. చూసేవాళ్ళు మళ్ళీ వందల్లోకి దిగారు. పాత పద్ధతికే పోదామని ఇద్దరు మిత్రులు వచ్చే సమావేశంలో అడగబోతున్నారు. వాళ్ళకు నేను చెప్పదలచుకున్నది ఇక్కడ రాశాను. మీరేమంటారు?