నడుమ నిప్పు... చుట్టూ నీళ్ళు

ధనుర్మాసం వచ్చిందంటే బందరు, గుడివాడ, దివిసీమ పెరళ్ళలో తెల్లారకముందే పొగ లేచేది. వేణ్ణీళ్ళ పని మరి! గీజర్లొచ్చాక ఆ పొగ పల్చబడింది కానీ, రాగి బాయిలర్ తెలివిని మాత్రం ఏదీ కొట్టలేదు.

చూడ్డానికి మామూలు పీపానే. నడుమ నిలువు గొట్టం, అడుగున జల్లెడ. గొట్టంలో మంట, చుట్టూ నీళ్ళు. పొయ్యిమీద డేగిసా పెడితే వేడి చాలావరకూ గాలిపాలే. ఇక్కడ మంటకు నలువైపులా నీళ్ళే కాబట్టి కొబ్బరి డొక్కలు, తాటిమట్టలు, సరుగుడు పుల్లలతోనే పని జరిగిపోతుంది.

చలిదేశాల్లో కొందరు ఇదే కిటుకుతో ఈతకొలను వెచ్చబెట్టుకుంటారు. రాగి గొట్టాన్ని చుట్టగా చుట్టి మంటలో ఉంచి, మోటారుతో నీళ్ళు తిప్పుతారు. లెక్కేస్తే గుండె గుభేలే! 50 వేల లీటర్లు 5 డిగ్రీలు వేడెక్కాలంటే రెండున్నర లక్షల కిలోకేలరీలు కావాలి. కిలో ఎండుకట్టె ఇచ్చేది సుమారు 3,500. అందులో సగం వృథా అనుకుంటే 140 కిలోల పైనే కట్టెలు! అదే 20 లీటర్ల బకెట్టును 20 డిగ్రీలు పెంచడానికి పావుకిలో చాలు.

సొంతంగా చేయించుకునేవారు మూడు మాటలు గుర్తుంచుకోవాలి. మూత బిగించకూడదు. ఆవిరికి దారి లేకపోతే పీపా పేలుతుంది. తలుపులు మూసిన స్నానాలగదిలో వెలిగించకూడదు. వాసనైనా లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. పెరడే దానికి తగిన చోటు. ఇక మూడోది, పెద్దవాళ్ళు ఎప్పుడూ చెప్పేదే: ముందు నీళ్ళు, ఆ తర్వాతే నిప్పు.