స్టెరాయిడ్ అని భయపడి మాత్ర మానేయకండి

పుట్టి రెండు వారాలు తిరక్కుండానే బిడ్డ పాలు సరిగా తాగదు, వాంతులు చేసుకుంటుంది, బరువు తగ్గుతుంది. దిష్టి తగిలిందనో, పాలు పడలేదనో ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. కొందరు పిల్లల్లో దీనికి కారణం కంజెనిటల్ ఎడ్రినల్ హైపర్‌ప్లాసియా. నోరు తిరగని పేరు కనుక డాక్టర్లు సి.ఏ.హెచ్. అంటారు.

మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే ఎడ్రినల్ గ్రంథుల్లో ఒక ఎంజైమ్ లోపించడం వల్ల కార్టిసాల్ తగ్గుతుంది, ఒంట్లో ఉప్పు నిలిపే హార్మోనూ తగ్గుతుంది, మగ హార్మోన్లు మాత్రం పెరుగుతాయి. ఆడపిల్లల్లో జననాంగాల తేడాతో పుట్టగానే అనుమానం వస్తుంది. మగపిల్లల్లో ఆ గుర్తుండదు, అందుకే వాళ్లకు ముప్పెక్కువ. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ లోపం అందితేనే జబ్బు వస్తుంది. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. కోడల్ని దెప్పేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

1950లో అమెరికాలో డాక్టర్ లాసన్ విల్కిన్స్ కార్టిసోన్‌తో ఈ పిల్లలకు వైద్యం చేసి చూపించారు. ఇప్పుడు పిల్లలకు హైడ్రోకార్టిసోన్ మాత్ర, మామూలుగా రోజుకు మూడుసార్లు. ఉప్పు పోయేవాళ్లకు ఫ్లూడ్రోకార్టిసోన్ కూడా. పసిబిడ్డలకు విడిగా ఉప్పూ ఇస్తారు. ఏడాదిలోపు ఉప్పు పెట్టొద్దని మీరు వినే ఉంటారు, ఈ పిల్లలకు ఆ మాట వర్తించదు. అయితే చిటికెలతో అందాజుగా కాదండోయ్, డాక్టరు చెప్పిన గ్రాముల లెక్కనే.

"ఇంత పసిదానికి స్టెరాయిడ్లా?" అని చుట్టాలు కంగారు పెడతారు. ఒళ్లు తయారుచేసుకోలేని దాన్ని బయటినుంచి ఇవ్వడమే కదా ఇది! డోసు ఎక్కువైతే ఒళ్లొచ్చి ఎదుగుదల తగ్గుతుంది. తక్కువైతే చిన్నప్పుడు చకచకా పొడుగెదిగినా, ఎముకలు ముందే ముదిరి చివరికి పొట్టిగా మిగిలిపోతారు. అందుకే పరీక్షలు తప్పకూడదు. డెక్సామెథసోన్ లాంటివి ఎదుగుదలను మరీ అణిచేస్తాయి. షాపులో "అదీ ఇదీ ఒకటేనండీ" అన్నా తీసుకోకండి.

2024 డిసెంబరులో అమెరికాలో క్రినెసెర్‌ఫాంట్ అనే కొత్త మందుకు అనుమతి వచ్చింది, నాలుగేళ్లు నిండినవారికి. దానివల్ల స్టెరాయిడ్ డోసు తగ్గించుకోవచ్చు గానీ మానడానికి లేదు.

జ్వరమొస్తే మాత్ర డోసు రెండింతలో మూడింతలో చెయ్యాలి. ఎంత జ్వరానికి ఎంతో ముందే రాయించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకోండి. వాంతులై మాత్ర నిలవకపోయినా, బిడ్డ మత్తుగా పడివున్నా తెల్లవారేదాకా ఆగొద్దు, హైడ్రోకార్టిసోన్ ఇంజక్షన్ పడాలి. ఇంట్లో ఇవ్వడం నేర్పమని డాక్టరునే అడగండి. ఇచ్చాక కూడా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. జబ్బు పేరు, ఇంజక్షన్ పేరు రాసిన డాక్టరు చీటీ స్కూలు బ్యాగులో ఒకటి, అమ్మమ్మగారింటికి వెళ్లే సంచిలో ఒకటి ఉంచండి.