చట్టము వెలుపలి ధర్మము

అమెరికా పశ్చిమసీమను ఇతివృత్తముగా గైకొన్న చిత్రకథలను బాలుర కాలక్షేపములని త్రోసివేయుట మన విమర్శకులకు చిరకాలముగా అలవాటైనది. గుఱ్ఱములు, తుపాకులు, ఎడారి ధూళి, వెన్నాడు షెరీఫు, పరారియైన బందిపోటు, ఇంతకు మించి వానియందేమియు లేదని వారి తలంపు. కాని ఆ కథల లోతున నిలిచిన ప్రశ్న మన ఇతిహాసములు సైతము ఎదుర్కొన్నదే: చట్టము ఒకవంకను, ధర్మము వేఱొకవంకను నిలిచినపుడు వీరుడు ఎటు నిలువవలెను?

రెండవ ప్రపంచ సంగ్రామము ముగిసిన మూడేండ్లకు, 1948 సెప్టెంబరు 30వ తేదీన, ఇటలీ దేశమున జియాన్ లుయిజి బొనెల్లి లేఖినినుండియు, ఔరేలియో గాలెప్పీని కుంచెనుండియు టెక్స్ విల్లర్ అను వీరుడు ఉదయించెను. తొలి పుటలలో అతడు చట్టము వెంటాడుచున్న పరారి, పిదప రేంజరు, ఆపై, తన్ను చిత్రహింసల స్తంభమునుండి కాపాడిన, నవాహో ఆదివాసుల నాయకుని పుత్రిక లిలిత్‌ను పెండ్లాడి, మామగారి యనంతరము ఆ జాతికే పెద్దయైనవాడు. ప్రభుత్వము అనుగ్రహించిన బిళ్లను, ఆ ప్రభుత్వముచేతనే నేలను గోల్పోయిన జనుల నాయకత్వమును ఒక్క మనుష్యునియందు నిలుపుటయే బొనెల్లి చేసిన సాహసము. నేటికిని మాసమాసము వెలువడుచున్న ఆ కథలకు ప్రాణము తుపాకి వేగము కాదు, ఆ రెండు విధేయతల నడుమ ఎడతెగని ఘర్షణ.

అమెరికాలోనో, 1954లో ప్రచురణకర్తలు తమకు తామే విధించుకొన్న నియమావళి, నేరస్థునిపై సానుభూతి కలుగురీతిని నేరమును చిత్రింపరాదని శాసించెను. 1948 మొదలు 1979 దాక నడచిన కిడ్ కోల్ట్ వంటి పరారి వీరులు ఆ శాసనమునకు లోబడియే బ్రదికిరి; ఏలయన, వారు నిజమైన నేరస్థులు కారు, నింద మోయుచు ఊరూరు తిరుగు సజ్జనులు. చట్టము పొరబడినదని ఆ కథలు చెప్పగలిగెను గాని, చట్టమే అధర్మమైయుండవచ్చునని చెప్పలేకపోయెను.

ఆ మాట చెప్పినవారు ఫ్రెంచి భాషలో చిత్రకథలను రచించినవారు. 1963లో 'పిలోట్' పత్రికయందు జాన్ మిషెల్ షార్లియే రచనకు జాన్ జిరో చిత్రములు గూర్చి ఆరంభించిన బ్లూబెరీ గాథలో నాయకుడు దక్షిణాదిన పుట్టియు అమెరికా అంతర్యుద్ధమున ఉత్తరాది సేనలో చేరిన లెఫ్టినెంటు. తొలి కథకు మూలము చరిత్రయే: 1861లో బాస్కమ్ అను సైనికాధికారి, అపాచీ నాయకుడు కొచీస్‌పై అతడు చేయని అపరాధమును మోపి, సంప్రదింపుల నెపమున పిలిచి బంధింపజూచెను, ఉభయ పక్షముల బందీలును హతులై, ఏండ్ల తరబడి యుద్ధము రగిలెను. ఈ వంచనకు సాక్షియైన బ్లూబెరీ తనవారి పక్షమును గాక సత్యపక్షమును గైకొని, తుదకు అధ్యక్షుడు గ్రాంటుపై హత్యాయత్నమను నింద మోసి తానే పరారి యగును. ధర్మమునకు కట్టుబడిన సైనికుని ఆ సైన్యమే బందిపోటును జేసినదని ఇంతకంటె సూటిగా చెప్పుట యెట్లు?

అయినను, ఈ కథలను ప్రేమించువారు ఒక్క చోటు పేరును మఱువరాదు. అది న్యూ మెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్. టెక్స్ కథలలో నవాహోల మిత్రుడుగా కనిపించు కిట్ కార్సన్, చరిత్రలో 1863-64లో అదే నవాహోల మీదికి సేనను నడపినవాడు. పైరులు దగ్ధములయ్యెను, పీచ్ తోటలు నేలకూలెను, ఎనిమిది వేలకు పైబడిన జనులు వందల మైళ్లు నడిపింపబడి ఆ కోటయొద్ద నిర్బంధింపబడిరి. అనేకులు అచ్చటనే కన్నుమూసిరి. 1868 నాటి ఒడంబడిక పిదపనే మిగిలినవారు స్వస్థలము చేరిరి. 1881 జులై 14వ తేదీ రాత్రి షెరీఫు పాట్ గారెట్ చేత బిల్లీ ది కిడ్ కూలినదియు అచ్చటనే. ఒక్క బందిపోటు మరణమును లోకము వేయివిధముల చెప్పుకొనెను. ఒక జాతి కన్నీరు మాత్రము చిరకాలము కథకెక్కలేదు. బొనెల్లి కల్పన ఆ అన్యాయమును ఊహలో సరిదిద్దినది. ఊహలో సరిదిద్దుట గొప్పదే, కాని అది చరిత్రకు బదులు కాజాలదు.

మనవారు ఇట్టి పశ్చిమసీమ వీరునికి అపరిచితులు కారు. 1971లో ఆరుద్ర రచనతో వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు' తెలుగు తెరపై అతనిని గుఱ్ఱమెక్కించినది. తమిళ పాఠకులు శివకాశినుండి వచ్చు టెక్స్ కథలను ఏండ్లుగా తమ భాషలో చదువుకొనుచున్నారు. కావున తెలుగు ప్రచురణకర్తలకు మా విన్నపమిది: ఈ కథలలో ఉత్తమమైనవానిని మంచి తెలుగున వెలువరింపుడు, రచయిత పేరుతో సమానముగా చిత్రకారుని పేరును అట్టపై నిలుపుడు, ప్రతి సంపుటమునకు ముందు ఆ నేలయొక్క నిజచరిత్రను నాలుగు పుటలలో చేర్పుడు. కల్పనను మనసార ఆస్వాదించి, చరిత్రను కన్నులు తెఱచి చదువు పాఠకుని తీర్చిదిద్దుటకంటె సాహిత్యమునకు గొప్ప ప్రయోజనము లేదు.